పింటు పిలిచిన పిలుపు

ముప్పై దాటాక ఫోనులో తుపాకీ పట్టడం నేర్చుకున్న మనిషి ఒడిశా ఒడ్డునున్న ఆర్యపల్లి మొత్తానికి మసేను ఒక్కడే. ఆ మాట చెప్పి వీధంతా నవ్వించేది అతని తల్లి జగ్గమ్మే. "నా కొడుకు సేపల్ని ఒగ్గీసి మడుసుల్ని యేటాడతన్నాడమ్మా, అదీ ఒసారాలో కూకుని!" అనేది ఎండు చేపలు తిరగేస్తూ. మసేను వినీ విననట్టు ఊరుకునేవాడు. కోపం తెచ్చుకునే మనిషి కాదు. పొడుగ్గా, ఎండకి నల్లబడి, తక్కువ మాటలతో ఉండేవాడు. నవ్వొస్తే మీసం కిందనే దాచుకునేవాడు.

సరదాకి మొదలుపెట్టిన పని కాదది. అంతకు ముందు శ్రావణంలో ఒక పొద్దున, వేట ముగించుకుని ఒడ్డుకు వస్తుండగా, ఒడ్డుకు దగ్గర్లో లేచిన కెరటం అతని పడవని వెనక నుంచి ఎత్తి బోర్లా కొట్టింది. ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఈదుకుంటూ బయటపడ్డారు. మసేనుకి కాళ్ళ కింద ఇసక తగిలింది కూడా. అప్పుడు వెనక నుంచి "అన్నా! అన్నో!" అని కేక వినబడింది. అతని పడవలో పనిచేసే పింటు కేక అది. వల కాలికి చుట్టుకుని కుర్రాడు పడవ కింద ఇరుక్కున్నాడు. మసేను వెనక్కి తిరిగాడు. వల కోసి వాణ్ణి బయటికి లాగుతుంటే, మరో కెరటానికి తిరగబడిన పడవ అంచు వచ్చి అతని కుడి భుజాన్ని కొట్టింది.

పింటుకి కాలి మీద గీతలు మాత్రం పడ్డాయి. మసేనుని బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఎముక అతికింది గాని చెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసింది. ఆ చేత్తో వల లాగలేడు. అప్పటి నుంచీ ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు అల్లడం, వేలంపాటలో చేపలు పాడటం, భార్య దుర్గ ఆరబెట్టిన చేపల్ని సంతకి చేర్చడం అతని పనులయ్యాయి. పొద్దుటి పూట పడవలు దిగుతుంటే చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఇది చూసి సుమిత్ ఊరుకోలేకపోయాడు. దుర్గకి తమ్ముడు. బరంపురంలో గోసాని నువాగాం దగ్గర ఫోన్లు బాగుచేసే కొట్టులో పని చేస్తాడు. సెలవు దొరికితే అక్క ఇంటికి వస్తాడు. ఒకసారి వచ్చినప్పుడు బావ ఫోను లాక్కుని అందులో ఒక ఆట పెట్టాడు. ఆకాశంలోంచి గొడుగుల మీద దిగి, ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునే ఆట.

"నాకెందుకురా ఇది?" అన్నాడు మసేను.

"భుజంతో పని నేదు బావా. రెండు బొటనవేళ్ళు సాలు."

ఆ మాటకే మసేను ఫోను తీసుకున్నాడని దుర్గ తర్వాత చెప్పేది.

మొదట్లో అతను దిగడమే తరువాయి చచ్చిపోయేవాడు. ఎవడు చంపాడో, ఎక్కణ్ణుంచి చంపాడో తెలిసేది కాదు. జనం ఎక్కువున్న చోటే దిగేవాడు, ఎందుకంటే చేపలు ఎక్కువున్న చోటికే కదా పడవ పోనివ్వాలి! సుమిత్ తల బాదుకున్నాడు. ఆఖరికి ఇద్దరే ఉండే చిన్న మైదానంలోకి బావని దించి, ఎదురెదురుగా నిలబడి నేర్పడం మొదలెట్టాడు.

"పరిగెట్టకు బావా. నీ అడుగుల సప్పుడు నాకు వినబడతంది. నెమ్మదిగా నడు. నువ్వు నన్ను సూసీలోపల నాను నిన్ను సూసీసినానంటే ఆట అయిపోనాదే."

"సరే, సూసినాను. ఇదిగో కాల్చీసినాను."

"సూసిన ఎంటనే కాల్చీకు! గురి కుదిరినాక కాల్చు. కాల్చినాక అక్కడే నిలబడిపోకు, పక్కకి జరుగు. తూటాలయిపోతే గోడ సాటుకెల్లి నింపుకో. బయట నిలబడి నింపితే సచ్చిపోతావు."

"ఇన్ని గుర్తెట్టుకోవాలేటి?"

"రెండే గుర్తెట్టుకో. ఓపిక, సెవులు."

ఆ రెండూ మసేనుకి పుట్టుకతోనే ఉన్నాయి. నెల తిరక్కుండా ఇద్దరే ఆడే ఆటలో సుమిత్‌ని ఓడించాడు. అతను ఎక్కడో ఒక గోడ పక్కన చేరి కదలకుండా కూర్చునేవాడు. ఎదుటివాడికి విసుగొచ్చి పరిగెత్తేదాకా కూర్చునేవాడు. పరిగెత్తితే చప్పుడు. చప్పుడయితే చావు. ఓడిన సుమిత్ ఇల్లంతా గెంతాడు, తనే గెలిచినట్టు.

పింటు వచ్చి చేరింది అప్పుడే. పక్కింటి కుర్రాడు. తండ్రి లేడు. మసేనే వాణ్ణి మొదటిసారి వేటకి తీసుకెళ్ళి తెడ్డు పట్టడం నేర్పాడు. చాలా రోజులు వాడు తిన్నది దుర్గ చేతి కూడే. వేట లేని సాయంత్రాలు మసేను అరుగు మీదకి వచ్చి, "నన్నూ కలుపుకో అన్నా" అన్నాడు. ముగ్గురూ ఒక జట్టయ్యారు.

జట్టుగా ఆడటం వేరే చదువు. సుమిత్ కొత్తగా పాఠం మొదలెట్టాడు. ముగ్గురూ ముగ్గుర్ని కాల్చకూడదు, ముగ్గురూ కలిసి ఒక్కణ్ణే కాల్చాలి. చూసింది చూసినట్టు చెప్పాలి, "అక్కడున్నాడు" అంటే కుదరదు, "నీలం ఇంటి మేడ మీద, ఎడం కిటికీ" అనాలి. అన్నిటికన్నా పెద్ద పాఠం ఇంకొకటి. జట్టు ఆటలో తూటా తగిలిన వెంటనే మనిషి చావడు. మోకాళ్ళ మీద పడి పాకుతుంటాడు. తనవాడు ఒకడు వచ్చి పక్కన కూర్చుని కాసేపు పట్టుకుంటే మళ్ళీ లేస్తాడు. ఎదుటి జట్టుకీ ఈ సంగతి తెలుసు గనక, పడ్డవాణ్ణి అలా వదిలేసి, లేపడానికి వచ్చేవాడి కోసం మాటు వేస్తారు.

"అందుకే బావా, ముందు ఆడిని ఎవడు పడగొట్టినాడో సూడు. తరవాత పొగ డబ్బా ఇసురు. పొగ లేసినాకే ఎల్లు. నేదంటే ఇద్దరూ పోతారు."

మసేను అన్నీ నేర్చుకున్నాడు, ఇదొక్కటి తప్ప. పింటు గాని సుమిత్ గాని "పడిపోయాను" అంటే చాలు, అతని బొటనవేలు ఆగేది కాదు. గోడ చాటూ లేదు, పొగా లేదు, వెళ్ళిపోయేవాడు. ఎన్నోసార్లు బతికి లేపుకొచ్చాడు. ఎన్నోసార్లు చచ్చాడు. సుమిత్ అరిచేవాడు. పింటు మాత్రం నవ్వి, "మసేనన్న ఉండగా నాకు సావు నేదు" అనేవాడు.

జగ్గమ్మ అక్కడ ఉంటే ఊరుకునేది కాదు. "అవునురా, నీ బతుకు మా వోడు ఎట్టిన బిచ్చమే కదా. ఆడి భుజం ఇచ్చి నిన్ను తెచ్చినాడు" అనేది. నవ్వుతూనే అనేది. చేపలు కొనేవాళ్ళతో అనేది, నీళ్ళ పంపు దగ్గర అనేది. మసేను మాత్రం ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. తల్లి అన్నప్పుడు పింటు మొహం ఎలా అయ్యేదో అతను ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే సిగ్గుతో తనే తల దించుకునేవాడు.

మరుసటి చలికాలం, తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపేసిన నెలల్లో, ఛత్రపురంలో ఒక కుర్రాళ్ళ క్లబ్బు పోటీ పెట్టింది. జట్టుకి ముగ్గురు. షామియానా, పెద్ద టీవీ, ఒడియాలో వ్యాఖ్యానం. గెలిచినవాళ్ళకి కప్పు, ఒక మేకపోతు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జట్లు వచ్చాయి. బరంపురం కాలేజీ కుర్రాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళందరినీ దాటుకుని ఆఖరి ఆటకి చేరినవి రెండే జట్లు. ఒకటి ఆర్యపల్లి, ఇంకొకటి చమఖండి.

పక్కపక్క ఊళ్ళు. పడవల పందెంలో, వల వేసే చోటు దగ్గర, ఆఖరికి ఎవరి ఊరి ఎండు చేప రుచి అనే మాటలో కూడా పోటీయే. చమఖండి జట్టుకి నాయకుడు శ్యామ్ అనే కుర్రాడు. వేలు చురుకైనవాడు, నోరు ఇంకా చురుకు.

పోటీకి ముందు రోజుల్లో పింటు సాయంత్రాలు సరిగ్గా దొరకలేదు. పడవ మోటారు బాగుచేయించాలని ఒకసారి, నడుము నొప్పని ఒకసారి రాలేదు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. "ఏటిరా, పెళ్ళికొడుకునాగున్నావు" అని దుర్గ అంటే "పో వదినా" అని సిగ్గుపడ్డాడు. ఎవరూ ఇంకేమీ అడగలేదు.

ఆఖరి ఆట రోజు మధ్యాహ్నం షామియానా నిండిపోయింది. జగ్గమ్మ, దుర్గ ముందు వరసలో కూర్చున్నారు. ముగ్గురు అటు, ముగ్గురు ఇటు, చెవులకి ఇయర్‌ఫోన్లు. మూడు రౌండ్లలో రెండు గెలిచినవాళ్ళదే కప్పు.

మొదటి రౌండు ఆర్యపల్లిది. మసేను ఒక కూలిన గోడ వెనక చేరి, ఇద్దర్ని ఒకరి తర్వాత ఒకర్ని పడగొట్టాడు. వ్యాఖ్యాత "మౌసా! మౌసా!" అని ఎగిరాడు. ఒడియాలో బాబాయి అని. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. రెండో రౌండు చమఖండిది. శ్యామ్ బాగా ఆడాడు, అందులో వంక లేదు.

మూడో రౌండులో మైదానం మధ్య ఒక నీళ్ళ ట్యాంకు, దానికి ఎదురుగా రేకుల షెడ్డు. మసేను, సుమిత్ ఒక ఇంటి వెనక నక్కారు. పింటు "నాను ముందుకెల్లి సూసొస్తాను" అన్నాడు. వద్దని సుమిత్ చెప్పేలోపే వెళ్ళిపోయాడు. కాసేపటికి తూటాల చప్పుడు. తెర మీద పింటు పేరు ఎర్రబడింది. ట్యాంకు పక్కన, దాక్కోవడానికి గడ్డిపరక లేని చోట, మోకాళ్ళ మీద పడ్డాడు.

"ఎవడు కొట్టినాడు? ఎక్కణ్ణుంచి?" సుమిత్ అడిగాడు.

"ఎల్లిపోనారు. దూరం ఎల్లిపోనారు. ఇక్కడ ఎవరూ నేరు" అన్నాడు పింటు. తర్వాత గొంతు మార్చి, "అన్నా! అన్నో! బేగి రా!" అన్నాడు.

"బావా, ఆగు. పొగ ఎయ్యి ముందు—"

మసేను అప్పటికే బయటికొచ్చేశాడు. నీళ్ళలో విన్న గొంతు అది. ఇంకేం వినబడలేదు అతనికి. పరిగెత్తి పింటు పక్కన కూర్చున్నాడు. లేపడం మొదలెట్టీ మొదలెట్టకముందే, ఎదురుగా రేకుల షెడ్డు మీద నుంచి మూడు తుపాకులు ఒక్కసారి మోగాయి. అందులో ఒక్కటి కూడా తప్పిపోలేదు. మిగిలిన సుమిత్‌ని వెతికి చంపడానికి వాళ్ళకి ఎంతోసేపు పట్టలేదు.

చమఖండి వాళ్ళు కుర్చీలు తన్నుకుని లేచారు. బయట డప్పు మోగింది. మసేను ఇయర్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, పింటు వీపు తట్టాడు. "పోనీలేరా. ఎనక్కి ఆళ్ళు తిరిగొచ్చినట్టున్నారు. నీకు కనబడి ఉండదు" అన్నాడు. పింటు తలెత్తలేదు.

శ్యామ్ చెయ్యి కలపడానికి వచ్చాడు. గెలిచిన ఊపులో ఉన్నాడు, మనసులో మాట ఆగే స్థితిలో లేడు. మసేను రెండు చేతులూ పట్టుకుని ఊపుతూ, "నిన్ను పడగొట్టడం మా వల్ల కాదనుకున్నాం అన్నా. గోడెనక కూకున్నావంటే మా పని అయిపోనాదే. పడ్డోడి కోసం మాత్రం ఆగవు, పిలిస్తే ఒచ్చీస్తావని బావ సెప్పబట్టి సరిపోయింది గాని..." అన్నాడు.

"ఏ బావ?" అన్నాడు మసేను.

శ్యామ్ నోరు సగంలో ఆగింది. కళ్ళు మాత్రం ఆగలేదు. అవి పింటు వైపు వెళ్ళి, మళ్ళీ నేల చూశాయి.

చమఖండిలో శ్యామ్ చెల్లెల్ని పింటుకి మాటనుకున్నారు. ఆర్యపల్లిలో ఒక్కరికీ తెలీదు. కన్నతల్లిలా కూడు పెట్టిన దుర్గకీ తెలీదు. కప్పు మా ఊరికి రావాలి, మా వాడివి కాబోతున్నావు, నీ వల్ల అయ్యేది నువ్వు చెయ్యి అని వాళ్ళు అడిగారు. వీడు చేశాడు. తనే ఎరగా ట్యాంకు పక్కన పడటం కూడా వీడి ఆలోచనే.

సుమిత్ పింటు మీదికి పోతుంటే మసేను చొక్కా పట్టి ఆపాడు. ఆటోలో ఊరొచ్చేదాకా ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూశాడు. వెనక జగ్గమ్మ, వెంట రాని పింటుని తిడుతూనే ఉంది. "అమ్మా, ఊరుకో" అన్నాడు ఒక్కసారి, ఎప్పుడూ లేనంత గట్టిగా. ఆమె ఊరుకుంది.

మర్నాడు పొద్దున పింటే వచ్చాడు. మసేను ఒడ్డున వల పరుచుకుని కూర్చున్నాడు. పింటు కాస్త దూరంలో నిలబడ్డాడు.

"అన్నా, ఆటే కదన్నా" అన్నాడు.

"ఆటే" అన్నాడు మసేను.

"మేకపోతు పోయినంత మాత్రాన..."

"మేకపోతు సంగతి ఎవడెత్తినాడురా?" మసేను వల వదిలి అతని మొహం చూశాడు. "ఓడినందుకు నానేం బాధపడను. నువ్వు ఆళ్ళ వోడివైనావు, ఆళ్ళ పక్కనుండి ఆడతానన్నా సరేననీవోణ్ణి. ఏటంటే, నువ్వు నన్ను పిలిసినావు. ఆ గొంతుతో పిలిసినావు. నాను ఆ గొంతుకి ఎందుకొస్తానో నీకు తెల్దేటి?"

పింటు మాటల్లో ఏడుపుతోపాటు కోపం కూడా వచ్చింది.

"తెలుసు. రోజూ తెలుస్తది. నీళ్ళ పంపుకాడ తెలుస్తది, సంతలో తెలుస్తది. మసేను లాగిన పింటు. మసేను బిచ్చమెట్టిన పింటు. నాకు ఇంకో పేరు నేదేటన్నా ఈ ఊళ్ళో? నన్ను సూసినోళ్ళంతా ముందు నీ భుజం సూత్తారు. ఒక్కపాలి... ఒక్కపాలి నా కోసం నువ్వొచ్చింది తప్పని అనిపించాలనుకున్నాను. అంతే."

మసేనుకి తల్లి మాటలు గుర్తొచ్చాయి. వాటికి అడ్డు చెప్పకుండా తల దించుకుని కూర్చున్న తనూ గుర్తొచ్చాడు. పింటు చెప్పినదాంట్లో నిజం ఉంది. ఉన్నా గాని, గుండెల్లో పడ్డ మంట దాంతో చల్లారలేదు. ఇంకా పెరిగింది. వీడికి అంత బాధ ఉంటే అరుగు మీద పక్కనే కూర్చుని ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదే! "సావు నేదు" అని నవ్విన నవ్వు కూడా అబద్ధమేనా?

"ఎల్లు" అన్నాడు. "మీ అత్తోరూరు ఎల్లు. బాగుండు."

"పెళ్ళికి రావేటన్నా?"

మసేను వల మీదికి వంగాడు. పింటు వెళ్ళిపోయాడు.

పెళ్ళికి దుర్గ వెళ్ళింది. జగ్గమ్మ కూడా వెళ్ళింది, ఒక చీర పట్టుకుని. వెళ్ళే ముందు కొడుకు దగ్గర నిలబడి, "నా నోటి మూలంగా అయిందేట్రా ఇదంతా?" అని అడిగింది. "నేదమ్మా" అన్నాడు మసేను. ఆ రోజంతా ఇంట్లో ఒక్కడే ఉండి అన్నం కూడా వడ్డించుకోలేదు.

సుమిత్ అంత తొందరగా ఆట వదిలే రకం కాదు. బరంపురం కొట్టులో తనతో పనిచేసే కుర్రాణ్ణి మూడోవాడిగా తెచ్చాడు. బావని బతిమాలి మళ్ళీ కూర్చోబెట్టాడు. ఒక సాయంత్రం ఆడుతుండగా సుమితే తూటా తగిలి రోడ్డు మీద పడ్డాడు. "పడిపోయాను బావా" అన్నాడు. మసేను గోడ చాటునే ఉన్నాడు. చెవులు రిక్కించాడు. అవతల మిద్దె మీద అడుగుల చప్పుడు, ఒకటి కాదు, రెండు. కదల్లేదు. సుమిత్ పేరు తెర మీంచి పోయేదాకా కదల్లేదు. వాళ్ళు విసిగి మెట్లు దిగారు. దిగినవాళ్ళని దిగినట్టే పడగొట్టాడు. ఆట మసేను జట్టుదే అయింది.

"బావా! ఇన్నాళ్ళకి నేర్చుకున్నావు!" అని సుమిత్ అతన్ని కావలించుకున్నాడు.

మసేను ఫోను బామ్మరిది చేతిలో పెట్టి లేచాడు. "నాకింక బాగోదురా ఇది. నువ్వాడుకో" అన్నాడు. సుమిత్ ఎంత అడిగినా కారణం చెప్పలేదు. గెలిచినందుకు మనిషి ఇంత బాధపడటం అతనెక్కడా చూడలేదు. దుర్గకి మాత్రం అర్థమైంది. తమ్ముణ్ణి కళ్ళతోనే వారించి, భర్తకి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత ఒకసారి ఛత్రపురం చేపల బజారులో పింటు ఎదురయ్యాడు. చమఖండి పడవ మీద వేటకి వెళ్తున్నాడు ఇప్పుడు, ఒళ్ళు చేశాడు. మసేను తల మీది గంప చూసి, ఆ కుడి చెయ్యి చూసి, సాయం పట్టబోయాడు. మసేను ఎడం చేత్తో గంప దించుకున్నాడు.

"బాగున్నావా అన్నా?"

"ఉన్నాను. నీ ఇంటిది బాగుందా?"

"నెల తప్పింది" అన్నాడు పింటు, సంతోషం ఆపుకోలేక.

"మంచిది" అన్నాడు మసేను. మనస్ఫూర్తిగానే అన్నాడు. "దుర్గకి సెప్తాను. ఆవకాయ పంపుతాది."

పింటు ఇంకా ఏదో అడగబోయాడు. ఇంతలో ఎవరో చేప ఖరీదు అడిగారు. మసేను అటు తిరిగి బేరం మొదలెట్టాడు.